పొట్లం మీది కారం

పిల్లలూ! "ప్రపంచంలోకెల్లా కారమైన మిరప! 22 లక్షల స్కోవిల్ యూనిట్లు! నేడే తెప్పించుకోండి!" ఇలాంటి ప్రకటనలు మీరూ ఫోన్లలో చూసే ఉంటారు. మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలు తలా కాస్త వేసుకుని అలాంటి పొట్లం ఒకటి తెప్పించారు. దానిమీద ముడతలు పడి, కింద తేలు కొండిలాంటి తోకతో ఎర్రని కాయ బొమ్మ. పేరు కరోలినా రీపర్.

20 గింజలు కుండీలో వేశాం. పదిహేను రోజులైనా ఒక్కటీ మొలవలేదు. "మోసం! డబ్బు దండగ" అన్నాను నేను. అప్పుడో అమ్మాయి లేచి, "మాస్టారూ, పక్కన మన ఊరి మిరప గింజలు కూడా వేసి చూశామా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. పోల్చి చూడకుండా నిర్ణయానికి రాకూడదని పాతికేళ్లుగా పాఠం చెబుతున్నది నేనే మరి!

ఆ రోజే పక్క కుండీలో మన గింజలు 20 వేశాం. పది రోజుల్లో 17 మొలిచాయి. అంటే మట్టిలో, నీళ్లలో తప్పు లేదన్నమాట. అయితే రీపర్ లాంటి మిరప నిదానంగా మొలుస్తుంది. మూడు నాలుగు వారాలు పట్టడం మామూలే. అందుకని ఓపిక పట్టాం. నెల దాటాక నాలుగు మొలకలు వచ్చాయి. తీరా కాశాక చూస్తే ఏముంది? సన్నగా, పొడుగ్గా, నున్నగా అచ్చం పక్క కుండీలోని కాయలే! పొట్లంలో ఉన్నది బొమ్మలోని రకం కాదని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలం. మొదట నేనన్న మాట మాత్రం కోపంతో అన్నదే.

ఇక ఆ అంకె సంగతి. 1912లో అమెరికాలో విల్బర్ స్కోవిల్ అనే ఔషధ శాస్త్రజ్ఞుడు కారాన్ని కొలిచే పద్ధతి చెప్పాడు. మిరప సారాన్ని చక్కెర నీళ్లతో, రుచి చూసేవారికి మంట తెలియనంతవరకు పలచన చేస్తూ పోవాలి. ఎన్ని రెట్లు పలచన చేస్తే మంట పోయిందో అదే కొలత. ఇప్పుడు నాలుకకు బదులు యంత్రాలున్నాయి. కాయలో కాప్సైసిన్, దానిలాంటి పదార్థాలు ఎంతున్నాయో క్రొమటోగ్రఫీతో తేల్చి, స్కోవిల్ యూనిట్లలోకి మారుస్తారు. శుద్ధమైన కాప్సైసిన్ కారం 1 కోటి 60 లక్షల యూనిట్లు. మన గుంటూరు సన్నానిది సుమారు 35 నుంచి 40 వేలు.

రీపర్‌కు గిన్నిస్ వారు 2013లో నమోదు చేసిన సగటు 15,69,300. 2017లో 16,41,183. మరి 22 లక్షలెక్కడివి? అది ఏవో కొన్ని కాయల్లో కనిపించిన గరిష్ఠం. మీ తరగతిలో అందరికన్నా పొడుగైన వాడి ఎత్తు చెప్పి, "ఈ తరగతి పిల్లల ఎత్తు ఇదీ" అంటే మీరు ఒప్పుకుంటారా?

2023లో 26,93,000 సగటుతో పెప్పర్ ఎక్స్ ఆ రికార్డును దాటింది. దాన్ని రూపొందించిన ఎడ్ కరీ, గింజలు బయటికివ్వడం లేదని అప్పుడే చెప్పాడు. కాబట్టి ఆ పేరుతో ఎవరైనా పొట్లం అమ్మజూపితే, "మీకెలా వచ్చాయి?" అని అడగండి.

ఇంకో విషయం. కాప్సైసిన్ తయారయ్యేది గింజలో కాదు. కాయ లోపల గింజలు అతుక్కుని ఉండే తెల్లటి పొరలో. కనుక గింజను కొరికి రకాన్ని తేల్చలేం. పైగా తేనెటీగలు పక్క మడిలోని వేరే మిరప పుప్పొడి తెస్తే, ఆ గింజల నుంచి వచ్చే మొక్కలు తల్లిలా ఉండకపోవచ్చు. నేల, నీరు, ఎండను బట్టి కూడా కారం మారుతుంది. అంచేత నిజాయితీపరుడైన అమ్మకందారు కూడా మీ కుండీలో కాసే కాయకు అంకె చెప్పలేడు. ఏ రకం, ఎప్పుడు సేకరించాం, ఇతర మిరపలకు దూరంగా పెంచామా, నూటికి ఎన్ని మొలుస్తాయి అన్నవి చెప్పగలడు. నా మాటేమిటంటే, ఇవి చెప్పకుండా లక్షలు మాత్రమే చెప్పేవాణ్ణి నమ్మకండి. రుజువు చూపవలసిన బాధ్యత చెప్పినవాడిదే.

ఒకవేళ నిజమైన రీపరే కాసినా, పందెం కట్టి తినకండి. అలా తిన్న ఒకాయన భరించలేని తలనొప్పితో ఆసుపత్రి పాలైన సంగతి 2018లో వైద్య పత్రికలో వచ్చింది.

మా పిల్లలకు పోయింది చిరుతిండి డబ్బులే. కానీ మిరప రైతుకు నకిలీ విత్తనం తగిలితే, తెలిసేది కాపు దశలోనే. అప్పటికి అప్పు, ఎరువు, ఏడాది కష్టం అన్నీ పొలంలో పోసి ఉంటాడు. అందుకే ఈసారి మీ ఇంటికి విత్తనాలు వస్తే పొట్లం మీరు తీసుకోండి. రకం, మొలక శాతం, పరీక్షించిన తేదీ ఉన్నాయేమో పెద్దలకు చదివి వినిపించండి. కొన్ని గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో మూటగట్టి, ఎన్ని మొలిచాయో చూడండి. పొట్లాన్నీ, రసీదునూ పంట ఇంటికొచ్చేదాకా దాచిపెట్టండి.