లాకు తాళము ఎవరి చేత నుండవలెను?

గోదావరి కాలువలో పూడిక తీయుటకు కాంట్రాక్టరు వచ్చిన మనకు అభ్యంతరము లేదు. కాని లాకు తాళము అతని చేతికిచ్చి, వదలక మిగిల్చిన ప్రతి నీటిచుక్కకును బహుమాన మిత్తుమా?

వైద్య బీమాను గూర్చియు ఇట్లే యోచింపవలెను. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ ఆరంభమైనపుడు ప్రభుత్వము ప్రీమియము చెల్లింపగా, ప్రైవేటు బీమా సంస్థ చికిత్స ఖర్చు భరించెడిది. పిమ్మట ఆ భారమును ప్రభుత్వ ట్రస్టే వహించినది. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గము బీమాను మరల పిలిచినది: కుటుంబమునకు 2.5 లక్షల రూపాయల వరకు బీమా సంస్థయు, ఆపైన 25 లక్షల వరకు పేదలకు ట్రస్టును భరించు విధానమును ఆమోదించినది.

సంస్థలు చెడ్డవని నా వాదము కాదు. చికిత్సలకును నిర్వహణకును పోగా ప్రీమియములో మిగిలినదే వాని లాభము. కావున 'అనుమతి లేదు' అను మాటలో వానికి ఆదాయము కలదు. అమెరికాలో పేదల వైద్యమునకై ఏర్పడిన మెడికెయిడ్‌ను నడపు సంస్థలను అక్కడి ప్రభుత్వ తనిఖీశాఖ పరిశీలించినది. 2019లో ముందస్తు అనుమతి కోరిన ప్రతి 8 అభ్యర్థనలలో ఒకటి త్రోసివేయబడినదని 2023లో వెల్లడించినది.

లెక్కలు వ్రాయుట సంస్థ పని కావచ్చును. నిరాకరించినపుడు మాత్రము కారణమును తెలుగున వ్రాసి యియ్యవలెను. తుది తీర్పు ఆ లాభముతో సంబంధము లేని వైద్యునిది కావలెను.

ఉపాధ్యాయులారా! ఆ కాగితము చదివి చెప్పుడని కోనసీమ కూలివాడు వచ్చునది మీ బడి గుమ్మమునకే. పిల్లలకు వడ్డీలెక్కతోపాటు ఈ లెక్కయు నేర్పుడు.