కీళ్లు వాచకముందే రక్తం చెబుతుంది... వినేదెవరు?

పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి కీళ్లు వాచాకే రుమటాయిడ్ ఆర్థరైటిస్ బయటపడుతుంది. దాని జాడ మాత్రం చాలామంది రక్తంలో ఏళ్ల ముందే ఉంటుంది. శరీరంలోని ప్యాడ్ ఎంజైములు ప్రొటీన్లలోని ఆర్జినిన్‌ను సిట్రులిన్‌గా మారుస్తుంటాయి. ఇది సహజమే. కానీ కొందరిలో రోగనిరోధక వ్యవస్థ ఈ మారిన ప్రొటీన్లను పరాయివిగా భావించి యాంటీబాడీలను తయారుచేస్తుంది. పొగతాగే అలవాటు ఈ ముప్పును పెంచుతుంది. ఆ యాంటీబాడీలను యాంటీ-సీసీపీ రక్తపరీక్ష పట్టిస్తుంది.

మరి ముందే మందిస్తే? బ్రిటన్, నెదర్లాండ్స్‌లలో యాంటీబాడీలు, కీళ్లనొప్పులు ఉన్నా వాపు లేని 213 మందిపై జరిగిన ట్రయల్ ఫలితాలను 2024లో లాన్సెట్ ప్రచురించింది. ఏడాది పాటు అబాటసెప్ట్ తీసుకున్నవారిలో 6 శాతం మందికే జబ్బు వచ్చింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో అది 29 శాతం. మందు ఆపిన ఏడాదికి ఈ అంకెలు 25, 37 శాతాలకు చేరాయి. అంటే జబ్బు చాలామందిలో వాయిదా పడిందే తప్ప పూర్తిగా తప్పలేదు. పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఖాయమనీ కాదు.

భారత్‌లో సమస్య వేరు. ఎందరో నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చి, వేళ్లు వంకరపోయాకే రుమటాలజిస్టును చేరుతున్నారు. చవకైన మెథోట్రెక్సేట్‌ను సకాలంలో మొదలుపెడితే ఆ నష్టాన్ని చాలావరకు ఆపొచ్చు. ఖరీదైన ఇంజెక్షన్ల కంటే ముందు కావాల్సింది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే జబ్బును అనుమానించి, నిపుణుల దగ్గరకు పంపే ఏర్పాటు.