తలుపు ఒక్కటే చాలదు, తూము కూడా కావాలి

మెదక్ పట్టణంలో ఒక బడి ఉందనుకోండి. ఇరవై కంప్యూటర్లు, అన్నిటికీ కలిపి ఒకటే ఇంటర్నెట్ లైను. లైనుకూ గదికీ మధ్య ఒక పాత కంప్యూటరును కాపలా పెట్టి, అందులో లినక్స్ గాని ఓపెన్‌బీఎస్‌డీ గాని వేసుకోవచ్చు. రెండూ యూనిక్స్ తరహావే, రెండూ ఉచితమే. మరి దేన్ని ఎంచుకోవాలి?

చాలామంది ఫైర్‌వాల్ ఏది గట్టిది అని మాత్రమే అడుగుతారు. వచ్చే పోయే ప్రతి ప్యాకెట్‌నూ చూసి, రానివ్వాలో ఆపాలో తేల్చేది ఫైర్‌వాల్. అది తలుపు. అవసరమే. కాని బడిలో రోజూ వచ్చే తగాదా దొంగలతో కాదు. ఒకరు పెద్ద వీడియో దించుకుంటూంటే తక్కిన పంతొమ్మిది మందికి పాఠం తెరుచుకోదు. అక్కడ తలుపు ఏం చేయగలదు?

మంజీర మీద 1905లో కట్టిన ఘనపురం ఆనకట్ట మీకు తెలిసిందే. మహబూబ్ నహర్, ఫతే నహర్ అని దానికి రెండు కాలువలు. కాలువ మొదట్లో ఉన్న రైతు మడవ తీసి వదిలేస్తే చివరి మడికి నీరందదు. చెరువుల కింద నీరటిని పెట్టుకున్నది అందుకే. ట్రాఫిక్ షేపింగ్ అచ్చంగా నీరటి పనే. ఎఫ్‌క్యూ-కోడెల్ అనే పద్ధతి ఒక్కొక్క ప్రవాహానికి వేరే వరుస పెట్టి వంతులవారీగా వదులుతుంది; మరీ ఆలస్యంగా నిలిచిన ప్యాకెట్లను పారేస్తుంది. దాంతో పంపేవాడు వేగం తగ్గిస్తాడు. ఒక్క మెలకువ: లైను 20 మెగాబిట్లదైతే మనం 18కే హద్దు పెట్టాలి. లేకపోతే వరుస కంపెనీవారి పెట్టెలో పేరుకుంటుంది. అక్కడ మన నీరటి మాట చెల్లదు.

లినక్స్‌లో తలుపు పని 2014లో వచ్చిన ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌ది, తూము పని టీసీ అనే మరో సాధనానిది. ఓపెన్‌బీఎస్‌డీలో 2001లో వచ్చిన పీఎఫ్ రెంటినీ ఒకే ఫైలులో రాయనిస్తుంది. లినక్స్ తెలిసినవారు ఎక్కువ, అది నడిచే యంత్రాలూ ఎక్కువ, నిజమే. అయినా బడికైతే నా ఓటు పీఎఫ్‌కే. తొమ్మిదో తరగతి పిల్లలు కూడా చదివి అర్థం చేసుకోగలరు.

ఒకదాని నియమాలు మరొకదానిలోకి ఎక్కించకండి. పీఎఫ్‌లో మామూలుగా చివరిగా సరిపడిన నియమం చెల్లుతుంది. అందుకే ముందు అన్నీ ఆపి, తర్వాత కొన్నిటిని వదులుతారు. ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో అదే వరుసలో రాస్తే మొదటి నియమం దగ్గరే అన్నీ ఆగిపోతాయి!

నియమాల ఫైలును అచ్చు తీసి ల్యాబు గోడకు అంటించమంటాను. ఎవరి వాటా ఎంతో అందరూ చూడవచ్చు. ప్రధానోపాధ్యాయుల గదికి సగం లైను రాసి ఉంటే అదీ కనబడుతుంది.