నడుస్తోంది కదా అని కాపీ కొట్టడం

మెయిన్‌ఫ్రేమ్ మీద పని చేస్తానంటే "అవింకా ఉన్నాయా?" అంటారు. ఉన్నాయండీ. మా బాల్కొండ దిక్కు నుంచి గల్ఫ్‌కు పోయినోళ్ళు ఇంటికి పంపే పైసలు కూడా దారిలో ఎక్కడో ఓ బ్యాంకు మెయిన్‌ఫ్రేమ్‌ను తాకే రావొచ్చు.

నా పని ఎంక్యూ. ఒక ప్రోగ్రాం ఉత్తరం వేసి పోతే ఇంకోటి తీరిగ్గా తీసుకునే తపాలా పెట్టె అనుకోండి. పెద్ద చోట్ల రెండు మూడు క్యూ మేనేజర్లు కలిసి ఒకే క్యూను పంచుకుంటాయి. అప్పుడా క్యూల నిర్వచనాలు డీబీ2 టేబుళ్ళలో ఉంటాయి. కాబట్టి డీబీ2 దొరికేదాకా క్యూ మేనేజర్ పూర్తిగా లేవదు.

దీనికి ఐబీఎం వాడు నమూనా ఫైళ్ళు ఇస్తాడు. వాటిని మన లైబ్రరీలోకి తెచ్చుకొని, రెండేసి ప్లస్ గుర్తుల మధ్య ఉన్నచోట మన పేర్లు పెట్టాలి. సీఎస్‌క్యూ45తో మొదలయ్యే జాబులు డీబీ2లో డేటాబేసు, టేబుళ్ళు కట్టి, ప్లాన్లు బైండ్ చేసి, అనుమతులిస్తాయి. ఇదంతా ఓపిక పని, అంతే.

అసలు కథ సిస్టమ్ పారామీటర్ల దగ్గర. అది అసెంబ్లర్ మాక్రో. లైను విరిస్తే 72వ కాలమ్‌లో గుర్తు పెట్టాలి, తర్వాతి లైను 16వ కాలమ్‌లో మొదలవ్వాలి. పంచ్ కార్డుల కాలం ఆస్తి మరి! కొత్తవాళ్ళంతా దీనికే భయపడతారు. నిజానికి ఇక్కడ తప్పు చేస్తే అసెంబ్లరే అరుస్తుంది. అరవనిది ఇంకోటి ఉంది. క్యూఎస్‌జీడేటా అని ఓ పారామీటరు, దాంట్లో మొదటి నాలుగు విలువలు: మన గుంపు పేరు, డీబీ2 గుంపు పేరు, ఏ డీబీ2కు కలవాలో ఆ పేరు, ఎన్ని థ్రెడ్లు. మూడోచోట ఒక్క డీబీ2 పేరైనా ఇవ్వచ్చు, గుంపు మొత్తానికి ఉండే గ్రూప్ అటాచ్ పేరైనా ఇవ్వచ్చు. రెండూ రైటే. రెండింటితోనూ లేస్తుంది.

చాలా ఏళ్ళ కింద నేను టెస్టు సిస్టమ్‌లోని ఫైలు కాపీ కొట్టి ప్రొడక్షన్‌కు పేర్లు మార్చాను. టెస్టులో ఉన్నది ఒకటే డీబీ2, అక్కడ ఒక్క పేరే సబబు. ఇక్కడా ఒక్క పేరే పెట్టేశా. నెలల తరబడి నడిచింది. ఓ శనివారం రాత్రి మెయింటెనెన్స్ కోసం క్యూ మేనేజర్‌ను ఇంకో ఎల్‌పార్ మీద లేపితే, కన్సోల్‌లో సీఎస్‌క్యూ5003ఏ. డీబీ2 కోసం ఎదురుచూస్తున్నానని దాని అర్థం. ఆ పేరు గల డీబీ2 ఆ ఎల్‌పార్ మీద లేదు. పక్కనే వేరే పేరుతో అదే గుంపు డీబీ2 నిక్షేపంగా నడుస్తోంది! కారణం పట్టేసరికి నాకు తెల్లారింది. ఉత్తరాలేవీ పోలేదు గానీ అప్పటిదాకా కదల్లేదు. వాటిల్లో మా ఊరివాళ్ళ పైసలు లేకపోవచ్చు, కానీ ఎవరో ఒకరివి ఉంటాయి కదా.

మా సీనియర్లు "నడిచేదాన్ని ముట్టకు" అంటుండేవాళ్ళు. ప్రొడక్షన్‌లో ఉన్నదాని గురించైతే ఒప్పుకుంటా. కానీ నడిచేదాన్ని తెచ్చి ఇంకోచోట నాటడానికి అది సాకు కాదు. మా బాపు పసుపు విత్తనం తెచ్చేటప్పుడు ఎంత తెలిసినోళ్ళ కుప్పయినా దుంప విరిచి చూసేవాడు. దుంపకుళ్ళు పక్క చేనుకు విత్తనంతో కూడా వస్తుంది. నేను విరిచి చూడలేదు.

కాబట్టి నా మాట: ప్రతి కొత్త సిస్టమ్‌కూ ఐబీఎం నమూనా నుంచే మొదలుపెట్టండి. పాత ఫైలు పక్కన పెట్టుకుని పోల్చండి, అంతవరకే. తేడా ఎందుకో రాయండి. ఒకసారి లేచింది కదా అని సంతకం పెట్టకండి, ఇంకో ఎల్‌పార్ మీద కూడా లేపి చూడండి. అందుకు ఓ ఆదివారం పోతుందని మేనేజర్లు గునుస్తారు, గునవనీయండి.

అన్నట్టు, ఆ కారణం రాసే కామెంటు మాక్రో పైన పెట్టాలి. విరిచిన లైన్ల మధ్యలో పెడితే అసెంబ్లర్ మళ్ళీ అరుస్తుంది.