మెయిలింగ్ లిస్ట్ మూసేయండి, పాత మెయిల్స్ జోలికి మాత్రం వెళ్లొద్దు

ఏళ్ల తరబడి ఒక్క మెయిల్ కూడా రాని మెయిలింగ్ లిస్ట్‌ని ఇంకా నడపాలా? ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో తరచూ వచ్చే ప్రశ్నే. నా ఓటు మూసేయడానికే. ఖాళీ లిస్ట్‌కి వచ్చేది స్పామ్ ఒక్కటే, దాన్ని తీసేయడానికి ఎవరో ఒక వాలంటీర్ కూర్చోవాలి. పైగా కొత్తగా వచ్చినవాళ్లు అక్కడ డౌట్ అడిగి, జవాబు రాక, ప్రాజెక్టే ఆగిపోయిందనుకుని వెళ్లిపోతారు.

కాకపోతే మూయడం అంటే కొత్త మెయిల్స్ ఆపడమా, పాతవి కూడా చెరిపేయడమా? గొడవంతా ఇక్కడే.

ఉబుంటు, ఫెడోరా వాడేవాళ్లకి గ్నోమ్ డెస్క్‌టాప్ తెలిసిందే. ఆ ప్రాజెక్ట్ 2022 అక్టోబర్ చివర్లో తన లిస్టులు ఆపేసి చర్చల్ని డిస్కోర్స్‌కి మార్చింది. పాత మెయిల్స్ మాత్రం చదువుకోడానికి ఉంచింది. యాహూ గ్రూప్స్ అలా చేయలేదు. 2019 అక్టోబర్‌లో చెప్పి, డిసెంబర్ 14 కల్లా సైట్‌లో ఉన్నవన్నీ తీసేస్తామన్నారు. రెండు నెలల టైమ్! జనం గోల చేస్తే డౌన్‌లోడ్ గడువు 2020 జనవరి 31 దాకా పెంచారు. అదే ఏడాది డిసెంబర్ 15న మొత్తం మూతపడింది.

మనకేంటి నష్టం అంటారా? తెలుగువాళ్ల రచ్చబండ గ్రూప్ ఉన్నది ఆ యాహూలోనే. తెలుగు కీబోర్డ్ ఇంకా అందరికీ అందని రోజుల్లో అక్కడ ఇంగ్లిష్ అక్షరాల్లోనే తెలుగు టైప్ చేస్తూ సాహిత్యం చర్చించుకున్నారు.

సాఫ్ట్‌వేర్ సంగతీ అంతే. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరం, మధ్యలో కనిపించని ఒక కోడ్‌తో కలిసి వస్తే ఐఫోన్ యాప్‌లు క్రాష్ అయ్యేవి, గుర్తుందా? యాపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. మన ఒత్తులు, గుణింతాలు స్క్రీన్ మీద సరిగ్గా కలవడం అంత తేలిక కాదు. ఆండ్రాయిడ్‌లో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ఇంజిన్. ఇలాంటి వాటిలో కోడ్ ఏముందో గిట్‌లో కనిపిస్తుంది. ఎందుకలా రాశారన్నది చాలాసార్లు ఏదో పాత మెయిల్‌లో ఉంటుంది. ఆ లింక్ చచ్చిపోతే కోడ్‌ని ముట్టుకోడానికే భయం.

మా రెంటచింతల పేరు పేపర్లో పడేది ఎండాకాలంలోనే. ఈ ఏడు ఎండ మామూలుదా, రికార్డా అని తేల్చేది ఇక్కడి వాతావరణ కేంద్రం ఏళ్ల తరబడి రాసిపెట్టిన లెక్కలే. పాతబడ్డాయని వాటిని ఎవరూ పారేయరు కదా.

ఇప్పుడు చర్చలన్నీ వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లోకి వెళ్లాయి. వాట్సాప్‌లో జరిగింది గూగుల్‌లో వెతికినా దొరకదు. ఫోన్ మార్చినప్పుడు బ్యాకప్ మర్చిపోతే మీకే దొరకదు.

అందుకే లిస్ట్ మూసే ముందు కనీసం మూడు నెలలు నోటీస్ ఇవ్వాలి. తర్వాత రీడ్-ఓన్లీ చేయాలి, పాత లింకులు పనిచేయాలి, మొత్తం మెయిల్స్‌ని ఒక ఎంబాక్స్ ఫైల్‌గా ఎవరైనా దించుకునేలా పెట్టాలి. చిన్న లిస్ట్ మెయిల్స్ అంతా టెక్స్టే, మీ ఫోన్లో ఒక 4కె వీడియో అంత సైజు కూడా ఉండకపోవచ్చు. ఎప్పుడో మెయిల్ కింద ఫోన్ నంబర్ పెట్టినవాళ్లు తీసేయమంటే అది మాత్రం తీసేయాల్సిందే. ఆ నంబర్ కోసం మొత్తం లిస్ట్‌నే డిలీట్ చేస్తామంటే నేను ఒప్పుకోను.