హాలేలోని కొయ్య ఇల్లు



జర్మనీ వెళ్ళే విశ్వాసులు హాలే పట్టణంలోని ఫ్రాంకె అనాథాశ్రమ ఆవరణ తప్పక చూడాలి. 1695లో కానుక పెట్టెలో దొరికిన నాలుగు థాలర్ల పైచిలుకు సొమ్ముతో ఆగస్ట్ హెర్మాన్ ఫ్రాంకె అక్కడ పేదపిల్లల బడి ఆరంభించాడు. ఆ ఆవరణలోని ‘పొడవాటి ఇల్లు’ నూరు మీటర్లు దాటి, ఆరంతస్తులుగా నిలిచింది. బరువంతా మోసేది కొయ్య చట్రమే. దూలాల నడుమ సందులను పూడుస్తారు, అంతే.

మద్రాసులో సేవచేసి తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జ్ 1743లో తిరిగివెళ్ళి, 1746లో హాలేలోనే తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. మన భాషలో అచ్చయిన తొలి పుస్తకాలు అవే.

తూర్పు జర్మనీ కాలంలో ఈ కట్టడాలు శిథిలమయ్యాయి. 1990 తరువాత కూల్చక, బాగుచేసి నిలబెట్టారు. మన పల్లెలో పాత మందిరాన్ని పడగొట్టే తీర్మానం చేసేముందు, సంఘ పెద్దలారా, ఒక్కసారి దూలాలు తట్టి చూడండి.