వర్క్ ఫ్రమ్ హోమ్ బతుకమ్మ

దసరాకి పదిహేను రోజుల ముందు నుంచే మా బోధన్‌లో ఒకటే ప్రశ్న తిరుగుతుంటుంది. "ఏం చేస్తున్నవ్ బిడ్డా?" కిరాణం కొట్టులో అదే, పూలమ్మే దగ్గర అదే. పక్కింటి చాచా అయితే గేటు దగ్గరే ఆపి "క్యా కర్రై బేటా?" అంటాడు. భాష మారుతుంది గానీ ప్రశ్న మారదు. ఉద్యోగం ఉన్నవాళ్ళకి అది పలకరింపు. లేనివాళ్ళకి అది ప్రిపరేషన్ లేని ఇంటర్వ్యూ.

2024లో నేను ఆ రెండో బ్యాచ్. హైదరాబాద్‌లో నేను పనిచేసే చిన్న ఆఫీసులో జులై చివర్లో అకౌంట్స్ టీమ్‌ని సగానికి కోశారు. పోయిన సగంలో నేనున్నాను. రెండు నెలలు హాస్టల్లోనే ఉండి ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఎంగిలిపూల బతుకమ్మ అక్టోబర్ 2న. దానికి మూడు రోజుల ముందు బ్యాగు సర్దుకుని ఇంటికొచ్చాను. అమ్మకి మాత్రం ఇంకో కథ చెప్పాను. "పండగ దాకా వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చిండ్రమ్మా."

అబద్ధం చెప్పడం తేలికే, దాన్ని నడపడమే కష్టం. పొద్దున తొమ్మిదికి లాప్‌టాప్ తెరవాలి, సాయంత్రం ఆరుకి మూయాలి. మధ్యలో ఎవరూ లేని మీటింగులో "యెస్, యెస్" అనాలి. పక్కనే అమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ ఉండేది. ఎవరైనా వస్తే "మెల్లగ మాట్లాడున్రి, మా పాప డ్యూటీల ఉన్నది" అని సైగ చేసేది. టీవీ కూడా పెట్టనిచ్చేది కాదు. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్కగట్టి డబ్బులు తెచ్చుకునే మనిషి, నా ఖాళీ మీటింగుల కోసం తన సీరియల్ మానుకుంది. ఇప్పుడు తలుచుకున్నా నాకు ముఖం చెల్లదు.

ఆ పది రోజుల్లో ఉద్యోగాల సంగతి చెప్పాలి. అప్లికేషన్లు పంపుతూనే ఉన్నాను, జవాబు మాత్రం లేదు. మన రాష్ట్రంలో దసరా అంటే ఊళ్ళకు ఊళ్ళే కదులుతాయి కదా. ఫోన్ ఎత్తాల్సిన హెచ్‌ఆర్ అమ్మాయి కూడా ఎక్కడో బస్సులో పూల సంచి పట్టుకుని ఉంటుంది. ఇది తెలియక నేను ప్రతి మౌనాన్నీ "నువ్వు పనికిరావు" అని చదువుకున్నాను. పైగా ఫోన్ తెరిస్తే పక్కవాళ్ళ గెలుపులే. అక్టోబర్ 9న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో కొత్త టీచర్లకు నియామక పత్రాలు ఇచ్చారు. డీఎస్సీలో ఎంపికైనవాళ్ళు పది వేల దాకా ఉన్నారు. మా క్లాస్‌మేట్స్ స్టేటస్‌ల నిండా ఆ ఫోటోలే. ఇంకో ఫ్రెండ్ గ్రూప్-1 మెయిన్స్ రాస్తోంది. పరీక్షలు 21 నుంచి, పండగ 12న. ఆ పిల్ల తొమ్మిది రోజులూ బతుకమ్మ దగ్గరికే రాలేదు. వాళ్ళ అమ్మ ఒక్కతే వచ్చి ఒక మూల నిలబడి చప్పట్లు కొట్టి వెళ్ళేది. నాకు ఆమెను చూస్తే కూడా కుళ్ళే. కనీసం చెప్పుకోవడానికి ఒక పరీక్ష ఉంది కదా అని.

మా గల్లీ చివర ఒక తాత ఉంటాడు. షక్కర్ నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో సీజనల్ కార్మికుడు. నిజాం కాలంలో, 1937లో మొదలైన ఫ్యాక్టరీ అది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2015 డిసెంబర్‌లో లే-ఆఫ్ ప్రకటించాక చిమ్నీ చల్లారింది. ఇప్పుడు మా వైపు పొలాల్లో చెరకు కంటే వరే ఎక్కువ. మా వయసువాళ్ళకి ఫ్యాక్టరీ అంటే గేటు, తుప్పు, ఎన్నికల హామీ. తాతకి మాత్రం అది క్యాలెండర్. క్రషింగ్ చలికాలంలో మొదలై ఎండలు ముదిరేదాకా నడిచేది. తర్వాత సీజనల్ వాళ్ళంతా ఇంటికి. అంటే సరిగ్గా దసరా నాటికి చేతిలో పైసలుండవు.

"మరి పండగెట్ల చేసేటోళ్ళు తాతా?" అని అడిగాను.

"ఉద్దెర" అన్నాడు, అదేం ప్రశ్న అన్నట్టు. బట్టల సేఠ్ ఖాతాలో రాసుకునేవాడట. క్రషింగ్ మొదలయ్యాక మొదటి జీతంలో కట్టేవాళ్ళట. "పని లేదని సిగ్గెందుకు? సీజన్ కాదు, అంతే. అందరికీ ఎరుకే."

ఆ చివరి మాట నా బుర్రలో చాలాసేపు తిరిగింది. మాకు అలా "అందరికీ ఎరుకే" ఎక్కడుంది? ఎవరి ఆఫ్ సీజన్ వాళ్ళ గదిలోనే. ఉద్దెర కూడా మారిపోయింది. ఆ వారంలోనే నా ఫోన్‌కి "పండగ ఆఫర్, ఐదు నిమిషాల్లో లోన్" అని రోజుకు నాలుగు మెసేజ్‌లు. అమ్మకి చీర కొనాలి, మండపం చందా ఇవ్వాలి, తమ్ముడికి షూ అన్నాను. ఒక యాప్ డౌన్‌లోడ్ కూడా చేశాను. కాంటాక్ట్స్ చూస్తాను, గ్యాలరీ చూస్తాను అని అది అడగ్గానే చెయ్యి ఆగింది. లోన్ యాప్‌లు మన కాంటాక్ట్స్, కాల్ లాగ్స్, ఫోటోల జోలికి పోకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022లోనే చెప్పింది. అది అడుగుతోందంటేనే తేడా ఉన్నట్టు. మీకూ వస్తుంటాయి ఈ మెసేజ్‌లు, అందుకే చెప్తున్నా. సేఠ్ ఖాతా వెనక రాబోయే క్రషింగ్ ఉండేది. నా లోన్ వెనక ఏముంది? తీసేశాను. చీర కొనలేదు.

ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, నైవేద్యం పెట్టరు, ఆట ఉండదు. సాయంత్రం వాకిలి ఖాళీ. నేను అలవాటుగా ఆరింటికి లాప్‌టాప్ మూశాను. అమ్మ తునికాకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండానే అంది.

"జీతం మెసేజ్ వస్తె నీ ఫోన్ టింగుమంటదిగదా. నువ్వొచ్చినప్పటి సంది ఒకటో తారీఖు పోయె, ఐదో తారీఖు పోయె. టింగుమనలే."

నేనేం మాట్లాడలేదు.

"ఎప్పుడు పోయింది?"

"జులైల."

కత్తెర ఆగింది. తిడుతుందనుకున్నాను. "జులై సంది ఏం తిన్నవే?" అంది. అంతే. ఏడ్చానా అంటే ఏడ్చాను. బతుకమ్మే అలిగి కూర్చున్న రోజు కదా, ఎవరూ పట్టించుకోలేదు.

రాత్రి అన్నం తింటుంటే అమ్మ ఇంకో మాట అంది. "నేను అందరికీ డ్యూటీ అని చెప్పిన. ఇప్పుడు నా ముఖమెట్ల?" అదీ నిజమే. నా అబద్ధం ఆమె నోటితో గల్లీ అంతా తిరిగింది. కాబట్టి సర్దుబాటు నేనే చేయాలి అనుకున్నాను.

సద్దుల బతుకమ్మ రోజు పొద్దున్నే గట్ల మీద తంగేడు, గునుగు కోసుకొచ్చాం. బంతి మాత్రం కొన్నాం, రేటు అడగొద్దు. సాయంత్రం ఆట అయిపోయి, చెరువు దగ్గర సాగనంపి, మలీద ముద్దలు పంచుకుంటున్నప్పుడు ఒక పెద్దమ్మ అడగనే అడిగింది. "ఇంకా ఇంటికాడికెల్లే డ్యూటీయా బిడ్డా?"

"లేదు పెద్దమ్మా, జాబ్ పోయింది. వెతుకుతున్న. ట్యాలీ వస్తది, జీఎస్టీ రిటర్నులు సొంతంగ ఏస్తా. నిజామాబాద్‌ల అయినా సరే. ఎక్కడన్న ఉంటే చెప్పు."

ముందే అద్దం ముందు నాలుగుసార్లు అనుకున్న మాటలు ఇవి. "ఖాళీగా ఉన్న" అంటే జాలి వస్తుంది, సలహాలు వస్తాయి, పెళ్ళి సంబంధాలు కూడా వస్తాయి. ఏం పని వచ్చో, ఎక్కడ కావాలో చెప్తే వినేవాళ్ళకి ఎవరో ఒకరు గుర్తొస్తారు. లింక్డిన్‌లో రెండు నెలలుగా రాస్తున్నది ఇదే, కానీ మలీద తింటున్న నలభై మంది ఆడవాళ్ళకి ఉన్నన్ని కనెక్షన్లు నాకు అక్కడ లేవు. కొందరు అయ్యో అన్నారు. ఇద్దరు మొహం తిప్పుకున్నారు. ఒక వదినె మాత్రం ఫోన్ తీసింది.

వాళ్ళ మరిదికి నిజామాబాద్‌లో బట్టల దుకాణం. లెక్కలు చూసే అబ్బాయి పండగ ముందు మానేశాడు. సెప్టెంబర్ అమ్మకాల జీఎస్టీఆర్-1 వేయడానికి ఆఖరి తేదీ అక్టోబర్ 11. అంటే మర్నాడే, దసరాకి ముందు రోజు. దుకాణం జనంతో కిటకిట, బిల్లులు అట్టపెట్టెలో.

పొద్దున మొదటి బస్సు. ఆధార్ చూపిస్తే జీరో టికెట్. మహాలక్ష్మి పథకం వచ్చాక ఉద్యోగం వెతుక్కునే అమ్మాయిలకి ఇదొక్కటి నిజంగా పనికొచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చాలు, ఇంటర్వ్యూకి పోవడానికి ఇంట్లో చెయ్యి చాపక్కర్లేదు. అట్టపెట్టె ముందు కూర్చుంటే రాత్రి ఎనిమిదైంది. రిటర్న్ వెళ్ళింది. 20వ తేదీలోపు 3బి ఉంది, తర్వాత దీపావళి స్టాక్ ఉంది అని, ఇరవై రోజులకి తొమ్మిది వేలు మాట్లాడారు. హైదరాబాద్ జీతంలో సగం కూడా కాదు. ఒప్పుకున్నాను.

ఇదే దొరికిన ఉద్యోగం అనుకోకండి. దీపావళి తర్వాత మళ్ళీ ఖాళీ. కాకపోతే రెజ్యుమేలో మూడు నెలల గుంతకి బదులు ఒక లైను వచ్చింది, నవంబర్‌లో ఫోన్లు ఎత్తడం మొదలయ్యాక చెప్పుకోవడానికి ఒక పని ఉంది. జనవరిలో ఒక రైస్ మిల్లులో చేరాను. ఇప్పటికీ అక్కడే. మంచిది దొరికితే మారాలని చూస్తూనే ఉన్నా.

దసరా రోజు సాయంత్రం అందరం పాలపిట్టను చూడ్డానికి ఊరి బయటికి పోయాం. కనబడిందని సగం మంది, లేదని సగం మంది. తిరిగొచ్చి జమ్మి ఆకు తీసుకుని తాత చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కాను. "ఏం చేస్తున్నవ్ బిడ్డా?" అన్నాడు, అన్నీ తెలిసే.

"సీజన్ పని తాతా. ఇరవై రోజులు."

"ఉద్దెర ఏమన్న ఉన్నదా?"

"లేదు."

"ఇంకేం మరి" అని జమ్మి ఆకు చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చేసరికి అమ్మ పాత చీరే ఇస్త్రీ చేయించుకుని కట్టుకుంది. టీవీలో సీరియల్ గట్టిగా వస్తోంది.